యెహూ రథమెక్కిన సంఘం

గత నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక యువకుడు నా దగ్గరకు వచ్చి తన ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఎవరో బోధకుడు ఆవేశంగా ప్రసంగిస్తున్నాడు. తిరిగి జన్మించిన విశ్వాసి ఒక్కడు గద్దెనెక్కితే చాలు, దేశం దానంతటదే బాగుపడుతుందన్నది ఆ ప్రసంగ సారాంశం. "నిజమేనా అయ్యగారూ? అలా ఎక్కడైనా జరిగిందా?" అని అడిగాడు. ఒక విశ్వాసి గద్దెనెక్కడం మటుకు జరిగింది బాబూ, కూర్చో, ఆ తర్వాత ఏమైందో చెబుతాను అన్నాను. ఆ రోజు నేను భోజనానికి ఇంటికి చేరేసరికి మూడు దాటింది. ఆ అబ్బాయితో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ దేశం పేరు గ్వాటెమాలా. మెక్సికోకు దక్షిణాన, మధ్య అమెరికాలో ఉన్న కొండల దేశం. కాఫీ తోటలకు పేరు. జనాభాలో దాదాపు సగం మంది ప్రాచీన మాయా జాతుల సంతతివారు. వారికి సొంత భాషలు, సొంత నేతబట్టలు, మొక్కజొన్న చేలు ఉన్నాయి. భూమి మాత్రం ఎక్కువగా వారి చేతిలో లేదు. స్పెయిన్ పాలకుల కాలం నుంచి అది కథోలిక దేశం. ప్రొటెస్టెంట్ సువార్త అక్కడ అడుగుపెట్టింది 1882లో. ఆనాటి అధ్యక్షుడు హుస్తో రుఫీనో బారియోస్ తానే పిలిచి ప్రెస్బిటేరియన్ మిషనరీ జాన్ క్లార్క్ హిల్‌ను రప్పించుకున్నాడు. సువార్త మీద ప్రేమతో పిలిచాడని మురిసిపోకండి సుమా! కథోలిక సంఘం పలుకుబడి తగ్గించడం ఆయనకు కావాలి. అంటే గ్వాటెమాలా ప్రొటెస్టెంట్ చరిత్ర మొదటి పుటలోనే ఒక పాలకుడి అవసరం ఉంది. ఆ సంగతి గుర్తు పెట్టుకుని ముందుకు వెళదాం.

1976 ఫిబ్రవరి 4 తెల్లవారుజామున అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. సుమారు 23 వేల మంది చనిపోయారు. సహాయం చేయడానికి అమెరికా నుంచి ఎన్నో మిషను సంఘాలు వచ్చాయి. వాటిలో కాలిఫోర్నియాలోని యురేకా అనే ఊరి నుంచి వచ్చిన 'గాస్పెల్ అవుట్‌రీచ్' ఒకటి. వారు ఇళ్లు కట్టారు, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టారు, రాజధానిలో ఒక సంఘం స్థాపించారు. దాని పేరు ఎల్ వెర్బో, అంటే 'వాక్యము'. 1978లో ఆ సంఘంలోకి ఒక సైన్యాధికారి వచ్చి చేరాడు. ఆయనే ఎఫ్రాయిన్ రియోస్ మోంట్.

ఆయన 1926లో కొండప్రాంతమైన వెవెతెనాంగోలో పుట్టాడు. చిన్న వయసులోనే సైన్యంలో చేరి జనరల్ హోదా వరకు ఎదిగాడు. 1974లో ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థిగా అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. ఓట్లు ఆయనకే ఎక్కువ పడ్డాయని, లెక్కింపులో మోసం చేసి మరో జనరల్ లాగెరూద్ గార్సియాను గెలిపించారని అప్పుడూ ఇప్పుడూ చాలామంది నమ్మకం. ఓడినవాణ్ణి దేశంలో ఉంచడం ఇష్టంలేక స్పెయిన్‌లోని రాయబార కార్యాలయానికి పంపేశారు. కొన్నేళ్లకు తిరిగి వచ్చిన మనిషి విరిగిపోయి ఉన్నాడు. అలాంటి సమయంలో ఎల్ వెర్బో సంఘం ఆయనను చేరదీసింది. ఆయన మారుమనస్సు నటన అని నేను అనను. ఒక జనరల్ వచ్చి ఆ చిన్న సంఘంలో కింద కూర్చుని నేర్చుకున్నాడు, సంఘపు పాఠశాలలో పనిచేశాడు. మన సంఘాల్లో ఎందరు పెద్ద ఉద్యోగులు అలా చేయగలరు?

1982 మార్చి 23న కొందరు యువ సైన్యాధికారులు తిరుగుబాటు చేసి అధ్యక్షుడు లూకాస్ గార్సియాను దించేశారు. అప్పటికి దేశంలో ఇరవై ఏళ్లకు పైగా అంతర్యుద్ధం నడుస్తోంది. ఒకవైపు వామపక్ష గెరిల్లాలు, మరోవైపు సైన్యం. లూకాస్ పాలనలో రాజధాని వీధుల్లో రోజూ శవాలు కనిపించేవి. తిరుగుబాటు చేసినవారు రియోస్ మోంట్‌ను పిలిపించారు. పిలుపు వచ్చేసరికి ఆయన సంఘ పాఠశాలలోనే ఉన్నాడని, పెద్దలు ఆయన కోసం ప్రార్థన చేసి పంపారని ఆ సంఘస్థులు చెప్పుకునేవారు. ఆ రాత్రి టెలివిజన్‌లో కనబడిన జనరల్ దేవునికి స్తోత్రం చెల్లించాడు. అధికారం ఇచ్చేదీ తీసుకునేదీ దేవుడే అన్నాడు. మొదట ముగ్గురు సభ్యుల సైనిక బృందానికి నాయకుడు. జూన్‌లో మిగిలిన ఇద్దరినీ పక్కకు తప్పించి తానే అధ్యక్షుడయ్యాడు.

బైబిలు చదివేవారికి ఈ దృశ్యం ఎక్కడో చూసినట్టు అనిపించాలి. రామోత్గిలాదులో సేనాధిపతులు కూర్చుని ఉండగా ప్రవక్త శిష్యుడు వచ్చి యెహూను లోపలి గదిలోకి తీసుకుపోయి అభిషేకిస్తాడు. తోటి అధికారులు తమ వస్త్రాలు తీసి మెట్ల మీద పరచి, బూర ఊది యెహూయే రాజని కేకలు వేస్తారు (2 రాజులు 9). పాత రాజు దుర్మార్గుడు. కొత్తవాడు దేవుడు నిలబెట్టినవాడు. ఇక కొదవేముంది?

గ్వాటెమాలా విశ్వాసులు కూడా అలాగే అనుకున్నారు. వారిని తొందరపడి తప్పుపట్టకూడదు. రాజధానిలో వీధి హత్యలు నిజంగానే తగ్గాయి. ప్రజలు ఊపిరి పీల్చుకున్నారు. ప్రభుత్వ ఉద్యోగుల చేత మూడు మాటల ప్రమాణం చేయించాడు: దొంగతనం చేయను, అబద్ధమాడను, అధికారాన్ని దుర్వినియోగం చేయను. మూడు వేళ్లు ఎత్తి చూపించే గుర్తు ఒకటి పోస్టర్ల మీద, గోడల మీద కనిపించేది. ఆదివారం రాత్రుళ్లు అధ్యక్షుడే టెలివిజన్‌లో ప్రసంగం చేసేవాడు. భార్యను ప్రేమించమని, పిల్లలను క్రమశిక్షణలో పెంచమని, తాగుడు మానమని, బాధ్యతగా బతకమని చెప్పేవాడు. అందులో మనం కాదనగలిగే మాట ఏదైనా ఉందా? అదే 1982లో అక్కడి ప్రొటెస్టెంట్ సంఘానికి నూరేళ్లు నిండాయి. నవంబరులో శతవార్షిక మహాసభలు జరిగాయి. అర్జెంటీనాలో పుట్టిన సువార్తికుడు లూయిస్ పాలౌ ప్రసంగించాడు. లక్షల మంది వచ్చారు. వేదిక మీద దేశాధ్యక్షుడు, తోటి విశ్వాసి! నూరేళ్లపాటు చిన్నచూపు చూడబడిన ఒక చిన్న మందకు ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించగలను. అల్పసంఖ్యలో బతికే సంఘంలో పుట్టి పెరిగినవాణ్ణి. మనవాడు ఒకడు తహసీల్దారుగా వస్తేనే మనం సన్మానసభ పెడతాం.

ఎల్ వెర్బో సంఘ పెద్దలిద్దరు అధ్యక్షుడికి సలహాదారులై ప్రభుత్వంలో చేరారు. అమెరికాలో పాట్ రాబర్ట్‌సన్ లాంటి టెలివిజన్ బోధకులు ఆయనను ఆకాశానికెత్తారు. ఆయన కోసం ప్రార్థించమన్నారు, సహాయం పంపమన్నారు.

ఇక ఆ కొండల్లో ఏం జరిగిందో చూద్దాం.

గెరిల్లాలు కొండల్లో మాయా గ్రామాల మధ్య తిరిగేవారు. వారికి అన్నం పెట్టేది, దారి చూపేది గ్రామస్థులేనని సైన్యం లెక్క వేసుకుంది. ఆ లెక్క ప్రకారం గెరిల్లా ఒక్కడే శత్రువు కాడు, అతను దాక్కోగల ఊరు మొత్తం శత్రువే. 1982 జూన్‌లో ఒక నెలపాటు క్షమాభిక్ష ప్రకటించారు. జులై 1 నుంచి దేశంలో అత్యవసర పరిస్థితి. రహస్య న్యాయమూర్తులతో ప్రత్యేక న్యాయస్థానాలు. 'బీన్స్, తుపాకులు' అని ఒక పథకం. లొంగి ఉంటే తిండి, లేకపోతే తూటా అని దాని అర్థం. గ్రామాల్లో మగవాళ్లందరినీ పౌర గస్తీ దళాల్లో చేర్చి, పొరుగువాడి మీద పొరుగువాణ్ణే కాపలా పెట్టారు. పంటలు తగలబెట్టారు. తప్పించుకున్నవారు అడవుల్లో ఆకలితో, చలితో చచ్చిపోయారు. చావకుండా దొరికినవారిని సైన్యం కట్టించిన 'ఆదర్శ గ్రామాల్లో' పెట్టి అన్నం పెట్టారు. ఆ అన్నం వడ్డించినవారిలో మన మిషను సంఘాలవారూ ఉన్నారు.

జులై 18న రబీనాల్ దగ్గర ప్లాన్ దె సాంచెస్ అనే ఊరిలో 250 మందికి పైగా చంపబడ్డారు. ఆ రోజు ఆదివారం. డిసెంబరు 4న అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ హోండురాస్‌లో రియోస్ మోంట్‌ను కలిసి, ఆయన ఎంతో నిజాయతీపరుడని, జనం ఆయన మీద అన్యాయంగా నిందలు వేస్తున్నారని విలేకరులతో చెప్పాడు. రెండు మూడు రోజుల్లోనే దేశ ఉత్తరాన దోస్ ఎర్రెస్ అనే ఊరిని సైన్యపు ప్రత్యేక దళం చుట్టుముట్టింది. మగవాళ్లను బడిలో, ఆడవాళ్లను పిల్లలను ప్రార్థనా మందిరంలో నిర్బంధించారు. తర్వాత ఒక్కొక్కరినే తీసుకెళ్లి చంపి ఊరి బావిలో పడేశారు. రెండు వందల మందికి పైగా పోయారు. పన్నెండేళ్ల తర్వాత ఆ బావి తవ్వితే 162 మంది ఎముకలు దొరికాయి. వాటిలో చాలా భాగం పిల్లలవి.

ప్రార్థనా మందిరం అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

ఆ గ్రామాల్లో చచ్చినవారు ఎక్కువగా కథోలికులు. అలాగని ప్రొటెస్టెంట్ విశ్వాసులను ఆ తూటాలు వదిలిపెట్టలేదు. కొండల్లోని మన కాపరులు కూడా చంపబడ్డారు. రాజధానిలో శతవార్షిక సభలకు లక్షల మంది పాటలు పాడుతుండగా, అదే దేవునికి మాయా భాషల్లో పాటలు పాడే సంఘాలు అడవుల్లో పరుగెత్తుతున్నాయి. వేదిక మీదివారికి ఆ సంగతి తెలియదా? కొందరికి నిజంగా తెలియదు. కొందరు విన్నారు గానీ కమ్యూనిస్టుల ప్రచారమన్నారు. మనవాడు అలా చేయడు అన్నారు. ఈ మూడో జవాబు నన్ను ఎక్కువ భయపెడుతుంది. ఎందుకంటే అది నా నోటి నుంచి కూడా రాగలదు.

1983 మార్చి మొదటి వారంలో పోప్ రెండవ జాన్ పాల్ గ్వాటెమాలాకు రావలసి ఉంది. ప్రత్యేక న్యాయస్థానాలు మరణశిక్ష వేసిన ఆరుగురిని క్షమించమని ఆయన ముందుగా కోరాడు. పోప్ విమానం దిగడానికి కొద్ది రోజుల ముందు ఆ ఆరుగురినీ కాల్చి చంపారు. చట్టం అంటే చట్టమేనని ప్రభుత్వం భావన. క్షమాపణ పొంది తిరిగి జన్మించానని సాక్ష్యం చెప్పిన మనిషి నుంచి వచ్చిన జవాబు అది.

మళ్లీ యెహూ దగ్గరకు వెళదాం. అహాబు కుమారులు డెబ్భై మంది తలలు గంపల్లో వస్తాయి. యెహూ వాటిని గుమ్మం దగ్గర రెండు కుప్పలుగా వేయిస్తాడు. దారిలో ఎదురైన అహజ్యా బంధువులు 42 మందిని చంపిస్తాడు. ఆ తర్వాత దారిలో రేకాబు కుమారుడైన యెహోనాదాబు కనిపిస్తాడు. మంచి భక్తుడు. ద్రాక్షారసం ముట్టని వంశానికి మూలపురుషుడు. యెహూ చెయ్యి చాచి ఆయనను తన రథంలోకి ఎక్కించుకుంటాడు. యెహోవా కోసం నాకున్న ఆసక్తి చూద్దువు గాని రమ్మంటాడు (2 రాజులు 10:15-16). యెహూకు సైన్యం ఉంది, కత్తి ఉంది, రాజ్యం ఉంది. అయినా రథంలో తన పక్కన ఒక భక్తుడు కూర్చోవాలని ఎందుకు ఆశపడ్డాడు? యెహోనాదాబు ఒక్క మాట మాట్లాడినట్టు ఆ అధ్యాయంలో లేదు, నీ మనస్సు నాతో ఉందా అన్నదానికి ఉందని చెప్పడం తప్ప. ఉందన్నాడు, చెయ్యి అందించాడు, రథమెక్కాడు.

సెమినరీలో మాకు పాత నిబంధన చెప్పిన గురువుగారు ఈ అధ్యాయం దగ్గర ఒక ప్రశ్న వేసి జవాబు చెప్పకుండా వెళ్లిపోయేవారు. యెహూ అహాబు ఇంటివారికి చేసినది బాగుందని, నాలుగు తరాలు రాజ్యం నిలుస్తుందని అదే అధ్యాయంలో ఉంది (10:30). నూరేళ్ల తరువాత హోషేయ ప్రవక్తకు కొడుకు పుడితే, యెజ్రెయేలు అని పేరు పెట్టమని, అక్కడ చిందిన రక్తం కోసం యెహూ ఇంటివారిని శిక్షిస్తానని అదే దేవుడు సెలవిస్తాడు (హోషేయ 1:4). రెంటినీ ఎలా కలుపుతారు? పండితులు రకరకాలుగా చెబుతారు. నాకు తోచింది ఇది. దేవుడు ఒకణ్ణి ఒక పనికి వాడుకున్నాడంటే, వాడు చేసిన ప్రతి పనికీ దేవుడు సంతకం చేసినట్టు కాదు. ఆజ్ఞ ఉందన్న ధైర్యంతో మొదలైన కత్తి ఎక్కడ ఆగాలో యెహూకు తెలియలేదు. దేవుడు మాత్రం ఆ రక్తం లెక్క నూరేళ్లైనా మర్చిపోలేదు. గద్దెనెక్కించినవాడు దేవుడే అన్న మాట పాలకుడికి రక్షణ కవచం అనుకుంటాం. హోషేయను చదివితే ఆ మాట వాడి మీదనే ఎక్కువ బరువు పెడుతుందని తెలుస్తుంది.

రియోస్ మోంట్ పాలన పదిహేడు నెలలే సాగింది. 1983 ఆగస్టు 8న ఆయన రక్షణ మంత్రి మెహియా విక్టోరెస్ ఆయనను దించేశాడు. సైన్యంతో ఎక్కినవాణ్ణి సైన్యమే దించింది.

ఆయన అంతటితో ఊరుకోలేదు. సొంత పార్టీ పెట్టాడు. తిరుగుబాటుతో అధికారం పట్టినవారు అధ్యక్ష పదవికి పోటీ చేయరాదని 1985 రాజ్యాంగంలో ఉంది గనుక 1990లో ఆయనకు అవకాశం దొరకలేదు. ఆ ఎన్నికలో గెలిచి 1991లో పదవి చేపట్టినవాడు హోర్హె సెర్రానో. ఆయన కూడా మన విశ్వాసమే. లాటిన్ అమెరికాలో ఎన్నికల ద్వారా అధ్యక్షుడైన మొదటి ప్రొటెస్టెంట్ ఆయనే. సంబరపడ్డారు. 1993 మేలో ఆయన పార్లమెంటును, సర్వోన్నత న్యాయస్థానాన్ని రద్దు చేయబోయి, జనం తిరగబడితే పనామాకు పారిపోయాడు. 1999లో రియోస్ మోంట్ పార్టీ గెలిచి, ఆయన శిష్యుడు అల్ఫోన్సో పోర్తియో అధ్యక్షుడు, ఆయన పార్లమెంటు అధ్యక్షుడు అయ్యారు. ఆ పోర్తియో తర్వాత లంచాల డబ్బు కేసులో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకుని 2014లో జైలు శిక్ష పొందాడు. దొంగతనం చేయను, అబద్ధమాడను, దుర్వినియోగం చేయను అన్న మూడు వేళ్లు ఏమయ్యాయో! 2003లో రియోస్ మోంట్ కోర్టు అనుమతితో ఎలాగో అధ్యక్ష పదవికి పోటీ చేశాడు గానీ మూడో స్థానంలో మిగిలాడు.

ఈలోగా లెక్కలు బయటపడ్డాయి. 1996లో శాంతి ఒప్పందం కుదిరింది. ఐక్యరాజ్యసమితి అండతో ఏర్పడిన సత్యశోధన సంఘం 1999 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. 36 ఏళ్ల యుద్ధంలో చనిపోయినవారు, మాయమైనవారు రెండు లక్షలకు పైనే. గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయా జాతులవారు. దురాగతాల్లో 93 శాతం ప్రభుత్వ బలగాలు, వారికి తోడైన దళాలు చేసినవి. గెరిల్లాలవి 3 శాతం. వారూ చంపారు, ఆ మాట దాచనక్కరలేదు. లూకాస్ కాలంలోనే ఊచకోతలు మొదలయ్యాయన్నదీ నిజమే. కానీ కొండల్లో అన్నిటికన్నా ఘోరమైన కాలం 1981 నుంచి 1983 వరకు అని, నాలుగు ప్రాంతాల్లో జాతి నిర్మూలన చర్యలు జరిగాయని ఆ నివేదిక తేల్చింది. ఇషిల్ అనే మాయా జాతి నివసించే ప్రాంతంలో 70 నుంచి 90 శాతం గ్రామాలు నేలమట్టమయ్యాయి.

పార్లమెంటు సభ్యత్వం ఉన్నంతకాలం ఆయనను ఎవరూ ముట్టుకోలేకపోయారు. 2012 జనవరిలో ఆ గడువు తీరింది. అదే నెలలో అభియోగం మోపారు. 2013 మార్చిలో విచారణ మొదలైంది. నెబాహ్, చాహుల్, కోట్సాల్ ఊళ్ల నుంచి దాదాపు నూరు మంది ఇషిల్ సాక్షులు రాజధానికి వచ్చారు. స్పానిష్ రానివారు దుబాసీల ద్వారా మాట్లాడారు. ముసలివాళ్లు తమ పిల్లల పేర్లు చెప్పారు. స్త్రీలు తమ శరీరాల మీద జరిగినది ముప్ఫై ఏళ్ల తరువాత, ఆ జనరల్ ఎదుట కూర్చుని ఉండగా చెప్పారు. 1982లో ఒక అమెరికన్ దర్శకురాలికి ఆయన ఇచ్చిన ఇంటర్వ్యూ కోర్టులో వేసి చూపించారు. సైన్యం పూర్తిగా తన చేతిలోనే ఉందని, అది లేకపోతే తాను ఆ కుర్చీలో ఎందుకున్నట్టని అందులో తానే గట్టిగా అన్నాడు. తాను ఏ జాతినీ చంపమని ఆజ్ఞాపించలేదని, సంతకం పెట్టలేదని చివర్లో కోర్టులో వాదించాడు. యజమాని తన దాసుడికి అతని నోటి మాటను బట్టే తీర్పు చెప్పిన ఉపమానం మనకు తెలుసు (లూకా 19:22).

2013 మే 10న న్యాయమూర్తి యాస్మిన్ బారియోస్ అధ్యక్షతన కోర్టు తీర్పు చెప్పింది. 1,771 మంది ఇషిల్ ప్రజల మరణానికి సంబంధించి జాతి నిర్మూలనకు 50 ఏళ్లు, మానవత్వంపై నేరాలకు 30 ఏళ్లు శిక్ష. ఒక మాజీ దేశాధినేతకు అతని సొంత దేశపు న్యాయస్థానమే జాతి నిర్మూలన నేరానికి శిక్ష వేయడం ప్రపంచంలో అదే మొదటిసారి. పది రోజులకే రాజ్యాంగ న్యాయస్థానం ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరోవైపుగా విడిపోయి, విచారణ పద్ధతిలో లోపముందని ఆ తీర్పు కొట్టేసింది. మళ్లీ విచారణ మొదలుపెట్టారు గానీ అప్పటికి ఆయనకు మతిమరుపు ముదిరింది. 2018 ఏప్రిల్ 1న 91 ఏళ్ల వయసులో ఇంట్లో చనిపోయాడు. ఆ రోజు ఈస్టరు ఆదివారం. చట్టం దృష్టిలో ఆయన దోషిగా చనిపోలేదు. అదే ఏడాది సెప్టెంబరులో మరో కోర్టు, జాతి నిర్మూలన జరిగిన మాట నిజమేనని చెబుతూ, ఆయన కింద పనిచేసిన నిఘా అధిపతిని మాత్రం విడిచిపెట్టింది.

ఆ ఇంట్లోనే ఇంకొకరి కథ ఉంది. రియోస్ మోంట్ తమ్ముడు మారియో కథోలిక బిషప్. కొండప్రాంతాల్లో జరిగిన హత్యల గురించి వేల సాక్ష్యాలు సేకరించి, 1998 ఏప్రిల్‌లో ఒక నివేదిక విడుదల చేసిన బిషప్ హువాన్ హెరార్దిని, ఆ నివేదిక వచ్చిన రెండో రోజే ఇంటి గ్యారేజీలో తల పగలగొట్టి చంపారు. అలా ఖాళీ అయిన ఆ మానవ హక్కుల కార్యాలయం బాధ్యత తీసుకున్నది మారియో రియోస్ మోంట్! ఒక తల్లి కన్న ఇద్దరు కొడుకుల్లో ఒకరి పాలనలో చచ్చినవారి పేర్లు దాచిన కార్యాలయానికి ఇంకొకరు కాపలా. ప్రొటెస్టెంట్ పుల్పిట్ మీద నిలబడి ఈ సంగతి చెప్పడం నాకు సులువు కాదు. ప్రసంగాలు చేసినవాడు మనవాడు, నీ తమ్ముడెక్కడ అన్న ప్రశ్నకు జవాబు వెదికినవాడు అవతలివాడు. కాదనలేను.

రియోస్ మోంట్ వేషధారి అని కొట్టిపారేస్తే మన పని తేలికైపోతుంది. ఆయన వేషధారి కాకపోవచ్చన్నదే నా భయం. తాగడు, భార్యను మోసం చేయడు, ఆ పదిహేడు నెలల్లో ఖజానా దోచుకున్నాడన్న పేరూ పెద్దగా లేదు. పరిశుద్ధత అంటే ఇంతే అని మనం నేర్పితే, ఆయన మన సంఘంలో మంచి విద్యార్థే. యెహోయాకీము రాజుతో యిర్మీయా అన్న మాట వేరు. మీ తండ్రి దీనులకు, దరిద్రులకు న్యాయం చేశాడు, నన్ను ఎరుగుట అంటే అదే కదా అని దేవుడు అడుగుతాడు (యిర్మీయా 22:15-16). ఎల్ వెర్బో సంఘం జనరల్‌కు బాప్తిస్మం నుంచి కుటుంబ ప్రార్థన వరకు అన్నీ నేర్పింది. ఇషిల్ రైతు కూడా దేవుని స్వరూపమే అన్న ఒక్క పాఠం వదిలేసింది. లేక చెప్పిందేమో, ఆయన వినలేదేమో. రథంలో పక్కన కూర్చున్నవాడు ఆ మాట చెబితే దిగిపోవలసి వస్తుంది. దావీదు గదిలోకి నాతాను వచ్చినట్టు ఆ భవనంలోకి ఒక్కడైనా వెళ్లి ఉంటే, దోస్ ఎర్రెస్ బావి ఖాళీగా ఉండేదా? నాకు తెలియదు. నాతాను వచ్చేసరికి ఊరియా చచ్చిపోయే ఉన్నాడు.

నేడు గ్వాటెమాలాలో పది మందిలో దాదాపు నలుగురు ప్రొటెస్టెంట్లు. మన సంఘం అక్కడ పెరిగింది, చాలా పెరిగింది. 2016 నుంచి 2020 వరకు అధ్యక్షుడిగా ఉన్న జిమ్మీ మొరాలెస్ కూడా మన విశ్వాసమే. ఆయన అవినీతిని పరిశోధిస్తున్న ఐక్యరాజ్యసమితి సంస్థను దేశం నుంచి పంపించేశాడు. మరోవైపు, చంపబడినవారి ఎముకలను తవ్వి తీసి, పేర్లు పెట్టి, మర్యాదగా పాతిపెట్టే పని ఆ కొండల్లో ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. ఆ సమాధి కార్యక్రమాల్లో నిలబడి ప్రార్థన చేసే మాయా కాపరులూ ఉన్నారు. వారు కూడా మనవారే. శతవార్షిక వేదిక ఫొటోలో మాత్రం వారు లేరు.

ఇదంతా విన్నాక మా యువకుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే అయ్యగారూ, అధికారుల కోసం ప్రార్థించమని పౌలు రాశాడు కదా, మనం ప్రార్థించకూడదా?" అన్నాడు. తప్పకుండా ప్రార్థించాలి బాబూ, తిమోతికి రాసిన ఆ మాటలో మనవాడైతేనే అన్న షరతు ఎక్కడా లేదు, వారి కోసం ప్రార్థించే నోటితోనే వారి కింద నలిగేవారి పేర్లు కూడా చెప్పాలి అన్నాను. అతను తల ఊపి వెళ్లిపోయాడు.

బుధవారం సాయంత్రం ప్రార్థన కూటంలో విజ్ఞాపన అంశాలు రాసే పలక మీద ఎప్పటిలాగే ప్రధానమంత్రి, ముఖ్యమంత్రి, జిల్లా అధికారులు అని వరుసగా ఉంది. దాని కింద ఎవరో సుద్దముక్కతో, కొత్త పేరు గనుక తప్పుగా దిద్ది, మళ్లీ సరిచేసి రాశారు: నెబాహ్, చాహుల్, కోట్సాల్. ఈ ఊళ్లు ఏ జిల్లాలోవని పెద్దమ్మ ఒకామె అడిగింది. దూరం అమ్మా అని చెప్పి, మోకాళ్లూనాం.